గ్రంథాలయ పన్ను కడుతున్నాం, గ్రంథాలయం ఏది?

ఏడాది ఆస్తి పన్ను మొత్తం ఏప్రిల్‌లోనే కట్టేస్తే 5 శాతం రాయితీ ఇస్తామని జీహెచ్‌ఎంసీ ప్రకటిస్తుంటుంది. ఆ రాయితీ కోసం తొందరపడే బేగంపేట ఇంటి యజమానుల్లో ఎందరు పన్ను లెక్కను చివరిదాకా చూస్తారో గాని, అందులో ఇంటి పన్నుపై 8 శాతం గ్రంథాలయ సెస్సు కలిసి ఉంటుంది. అంటే రూపాయికి 8 పైసలు. పన్ను పదివేలైతే సెస్సు 800 రూపాయలు. అద్దెకున్నవారు నేరుగా కట్టకపోయినా వారిచ్చే అద్దెలో అదీ చేరే ఉంటుంది. రోడ్డుమీద గుంత పడితే పన్ను కడుతున్నాం కదా అని కార్పొరేటర్‌ను నిలదీస్తాం. వీధి దీపం వెలగకపోయినా, డ్రైనేజీ పొంగినా అంతే. గ్రంథాలయం సంగతి మాత్రం ఎవరూ అడగరు. అడగకపోగా, ఫోన్‌లో అన్నీ దొరికే కాలంలో ఇంకా లైబ్రరీలు ఎందుకని ఎదురు ప్రశ్నించేవారే ఎక్కువ. పత్రికల్లో, టీవీ చర్చల్లో, శాసనసభ లాబీల్లో ఏళ్లుగా తిరుగుతున్న ప్రశ్న అది. మన నగరంలో గ్రంథాలయానికి కరువైంది పాఠకులు కారు. ఆ పేరుతో వసూలైన సొమ్ముకు జవాబుదారీ కరువైంది. అది తేలకుండా డిజిటల్, స్మార్ట్, మోడల్ అని ఎన్ని విశేషణాలు తగిలించినా శాఖా గ్రంథాలయం తలుపు దగ్గర పరిస్థితి మారదు.

సికింద్రాబాద్ ప్రాంతానికి ఈ విషయంలో ఉన్నది చిన్న చరిత్రేమీ కాదు. ముదిగొండ శంకరారాధ్యులు 1872లో ఇక్కడ నెలకొల్పిన శంకరానంద గ్రంథాలయాన్ని గ్రంథాలయోద్యమ చరిత్రకారులు తెలంగాణలో తొలి పౌర గ్రంథాలయాల్లో ఒకటిగా లెక్కిస్తారు. 1901 సెప్టెంబర్ 1న హైదరాబాద్‌లో రావిచెట్టు రంగారావు, కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు పూనికతో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, 1905లో సికింద్రాబాద్‌లో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వచ్చాయి. వీటిలో ఏ ఒక్కటీ ప్రభుత్వ సొమ్ముతో పుట్టలేదు. తెలుగు బడి పెట్టాలన్నా, సభ జరుపుకోవాలన్నా నిజాం సర్కారు అనుమతి కోసం ఎదురుచూడాల్సిన రోజులవి. అలాంటి కాలంలో చందాలతో నిలిచిన ఆ పఠనాలయాలే తర్వాత ఆంధ్ర జనసంఘానికీ, ఆంధ్ర మహాసభకూ కార్యకర్తలను ఇచ్చాయి. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించింది సికింద్రాబాద్‌లోనే. పుస్తకాలు మోసుకుని ఊరూరా తిరిగి అమ్మిన ఆయన లాంటివారికి గ్రంథాలయం ఉద్యమ స్థావరం. జనం తమంతట తాము చందాలు వేసుకుని నడిపిన ఈ పనిని, స్వాతంత్ర్యం వచ్చాక చట్టం చేసి పన్ను రూపంలోకి మార్చారు. చందా ఇచ్చినవాడికి లెక్క చూపే అలవాటు ఉండేది. పన్ను రూపం వచ్చాక అది పోయింది.

కోస్తాలో కథ మరో దారిన నడిచినా ఇదే గమ్యానికి చేరింది. 1914 ఏప్రిల్‌లో బెజవాడ రామమోహన గ్రంథాలయంలో అయ్యంకి వెంకటరమణయ్య తదితరులు తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిపారు. 1935లో పాతూరి నాగభూషణం పూనికతో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువమీద పడవ గ్రంథాలయం నడిచింది. పాఠకుడు రాలేకపోతే పుస్తకమే వెళ్లాలన్న ఆలోచన అది. మద్రాసు రాష్ట్రంలో ఎస్.ఆర్. రంగనాథన్ కృషితో 1948లో పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. స్వతంత్ర భారతంలో గ్రంథాలయానికి పన్ను విధించే అధికారం కల్పించిన మొదటి చట్టం అదే. హైదరాబాద్ రాష్ట్రం 1955లో తన చట్టం తాను చేసుకుంది. రెండు ప్రాంతాలూ కలిశాక 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం రెంటినీ ఏకం చేసింది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ దాన్నే తనకు అన్వయించుకుంది. జిల్లాకో గ్రంథాలయ సంస్థ, జంట నగరాలకు ప్రత్యేకంగా నగర గ్రంథాలయ సంస్థ, వాటి కింద శాఖా గ్రంథాలయాలు, వీటన్నిటి పోషణకు ఆస్తి పన్నుపై సెస్సు... కాగితంమీద ఇది దేశంలోని మంచి ఏర్పాట్లలో ఒకటి. చాలా ఉత్తరాది రాష్ట్రాల్లో ఇలాంటి పన్ను ఊసే లేదు.

లోపం ఎక్కడుందంటే సొమ్ము ప్రయాణించే దారిలో. సెస్సు వసూలు చేసేది మునిసిపల్ సంస్థ, ఖర్చు పెట్టాల్సింది గ్రంథాలయ సంస్థ. వసూలు చేసినవారు దాన్ని తమ సాధారణ నిధుల్లో కలిపేసుకుని, తమ అవసరాలు తీరాక మిగిలితే బదిలీ చేసే ఆనవాయితీ పాతుకుపోయింది. జీహెచ్‌ఎంసీ నుంచి నగర గ్రంథాలయ సంస్థకు రావలసిన బకాయిల వార్త పత్రికల్లో దాదాపు ఏటా వచ్చేదే. ఇది ఒక్క పార్టీ హయాం సంగతీ కాదు, ఒక్క కమిషనర్ నిర్వాకమూ కాదు. బెంగళూరు మహానగర పాలికపైనా ఇదే ఆరోపణ ఉండేది. దీన్ని అప్పు అనడం కూడా మర్యాద మాటే అవుతుంది. పౌరుడు ఫలానా పనికని కట్టిన పన్ను మునిసిపాలిటీ చేతిలో ఉన్న అమానతు సొమ్ము. జీతంలో కోసిన భవిష్యనిధిని జమ చేయని యజమానిపై చట్టం కేసు పెడుతుంది. గ్రంథాలయ సెస్సును ఆపుకున్న స్థానిక సంస్థను అడిగే నాథుడు లేడు. గ్రంథాలయ సంస్థ అధ్యక్షుడు అడగవచ్చు కదా అంటారా? ఆ పదవి ప్రభుత్వం నామినేట్ చేసేది. పార్టీకి పనిచేసినవారికి దక్కే పదవుల జాబితాలో అదొకటై చాలా కాలమైంది. తనను కూర్చోబెట్టిన ప్రభుత్వం కింద ఉన్న మునిసిపల్ శాఖను నిలదీసి బకాయి రాబట్టే అధ్యక్షుడు రావాలంటే అదృష్టం కావాలి.

ఇప్పుడు బేగంపేటకు వద్దాం. ఈ పేటలో పుస్తకాలు లేవని ఎవరూ అనలేరు. నిజామియా అబ్జర్వేటరీ ప్రాంగణంలోని సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్‌కు ఆర్థిక, సామాజిక శాస్త్రాల గ్రంథాలయం ఉంది. తెలంగాణ వ్యవసాయం, నీటిపారుదల, పేదరికం మీద పనిచేసే పరిశోధకులకు అది తెలిసిన చోటు. 1923లో జాగీర్దార్ల కళాశాలగా మొదలైన హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌కు తన లైబ్రరీ ఉంది. మయూర్ మార్గ్‌లో దేవనార్ అంధుల పాఠశాల బ్రెయిలీ పుస్తకాలతో పిల్లలను చదివిస్తోంది. కాస్త దూరంలో సికింద్రాబాద్ క్లబ్ సభ్యులకు ప్రత్యేక గ్రంథాలయం ఉంది. ఇవన్నీ మంచివే, కాని ప్రతి దానికీ ఒక గుర్తింపు కార్డు కావాలి. పరిశోధకుడో, విద్యార్థో, సభ్యుడో అయి ఉండాలి. ఏ కార్డూ లేని మనిషి, అంటే ప్రకాశ్‌నగర్‌లో ఇంటిపనికి వెళ్లే మహిళ, పాటిగడ్డలో ఆటో నడిపేవాడి కూతురు, బ్రాహ్మణవాడి అపార్ట్‌మెంట్‌లో కొడుకు అమెరికా వెళ్లాక ఒంటరైన రిటైర్డ్ ఉద్యోగి, వీళ్లు వెళ్లదగిన చోటు పౌర గ్రంథాలయమే. రసూల్‌పురా వైపు కంటోన్మెంట్ హద్దు మొదలవుతుంది. అక్కడ స్థానిక సంస్థ మారిపోతుంది గాని చదువుకోవాలన్న పిల్లాడి అవసరం మారదు. ఇంట్లో బల్ల, కుర్చీ, నిశ్శబ్దం మూడూ దొరకని పిల్లలు అత్యధికంగా ఉన్న ఇరుకు బస్తీల్లో రసూల్‌పురా ఒకటి. గ్రంథాలయ అవసరాన్ని జనసాంద్రతతో కొలిస్తే నగరంలో మొదటి వరుసలో నిలవాల్సిన చోట్లలో ఇది ఉంటుంది. భవనాల హుందాతో కొలుస్తాం కనుకనే గ్రంథాలయం అనగానే మన కళ్లముందు అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం కదులుతుంది. 1891లో ఆసఫియా పేరుతో సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ చొరవతో ప్రారంభమై, 1936 నుంచి మూసీ ఒడ్డున ఆ గంభీరమైన భవనంలో నడుస్తున్న సంస్థ అది. దాన్ని కాపాడుకోవాల్సిందే. అయితే బేగంపేట నుంచి బడిపిల్ల ఒంటరిగా అఫ్జల్‌గంజ్‌కు వెళ్లి పుస్తకం తెచ్చుకోదు. నడిచి వెళ్లే దూరంలో ఉంటేనే ఆ పిల్లకు గ్రంథాలయం ఉన్నట్టు.

పాఠకులు రావడం లేదన్న వాదనకు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమే జవాబు. తెల్లవారకముందే సీటు కోసం బారులు తీరే యువతను అక్కడ ఎవరైనా చూడవచ్చు. 2022 మార్చి 9న శాసనసభలో 80,039 ఉద్యోగాల భర్తీ ప్రకటన వచ్చినప్పుడూ, 2023 ఎన్నికలకు ముందు పార్టీల నాయకులు నిరుద్యోగులను కలవడానికి వచ్చినప్పుడూ ఆ ఆవరణే వార్త అయింది. ఇక్కడ గ్రంథాలయ రంగంలో రెండు అభిప్రాయాలు తలపడుతున్నాయి. పౌర గ్రంథాలయాన్ని పోటీ పరీక్షల రీడింగ్ రూమ్‌గా మార్చేశారని, కోచింగ్ మెటీరియల్ తప్ప మరొకటి తెరవనివారు రోజంతా కుర్చీ వదలకపోవడంతో కథో నవలో చదువుకుందామని వచ్చిన పాఠకుడికి, పేపర్ చూద్దామని వచ్చిన వృద్ధుడికి, ముఖ్యంగా పిల్లలకు చోటు లేకుండా పోయిందని ఒక వర్గం అంటుంది. నెలకింత కట్టి ప్రైవేటు స్టడీ హాల్‌లో కూర్చోలేని పేద యువకుడికి కుర్చీ, ఫ్యాను, మరుగుదొడ్డి ఇవ్వడం కంటే గ్రంథాలయం చేసే గొప్ప సేవ ఏముందని రెండో వర్గం వాదిస్తుంది. నా మొగ్గు రెండోవైపే, కాకపోతే పూర్తిగా కాదు. ఉద్యోగార్థిని బయటికి పంపి గ్రంథాలయాన్ని శుద్ధి చేస్తామనడం అమానుషం. అయితే కుర్చీ ఇవ్వడంతోనే గ్రంథాలయం బాధ్యత తీరిందనుకోవడం సోమరితనం. ఈ రెండో ధోరణి అధికారులకు బాగా నచ్చింది. పుస్తకాలు కొనకపోయినా, లైబ్రేరియన్ రిటైరైతే ఆ ఖాళీ నింపకపోయినా, గది నిండా జనం ఉన్నారు కనుక సంస్థ బ్రహ్మాండంగా నడుస్తున్నట్టు ఫొటో తీసి చూపించవచ్చు. రోజుకు ఎందరు వచ్చారన్నది ఒక్కటే లెక్క అయిపోయింది. ఎన్ని పుస్తకాలు ఇళ్లకు వెళ్లాయి, ఎన్ని కొత్తవి వచ్చాయి, ఎందరు పిల్లలు సభ్యులయ్యారు అన్నవి వెనక్కి పోయాయి. పరిష్కారం కష్టమేమీ కాదు. పరీక్షల చదువుకు విడిగా ఎక్కువ గంటలు తెరిచి ఉండే హాళ్లు కావాలి. వేసవి సెలవుల్లో ప్రభుత్వ పాఠశాలల గదులు, సాయంత్రాలు కమ్యూనిటీ హాళ్లు ఈ పనికి వాడుకోవచ్చు. లైబ్రరీలో పిల్లల గది, స్త్రీల గది, పుస్తకాలు ఇచ్చే కౌంటర్ మాత్రం ఎవరి ఒత్తిడికీ లొంగకుండా ఉండాలి.

ఇక ఫోన్ వాదన. ఇది ఇంగ్లీషు చదివేవారికి కొంత వర్తిస్తుంది, తెలుగు పాఠకుడికి వర్తించడం కష్టం. కాపీరైట్ గడువు తీరిన పాత తెలుగు పుస్తకాలు స్కాన్ రూపంలో ఇంటర్నెట్‌లో వేలల్లో ఉన్నమాట నిజమే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కాలం నుంచీ జరిగిన కృషి అది. కాని గత పాతికేళ్లలో వచ్చిన తెలుగు కథా సంపుటాలు, చరిత్ర పరిశోధనలు, అనువాదాలు చట్టబద్ధంగా, ఉచితంగా ఫోన్‌లో చదవగలిగేవి ఎన్ని? అమెరికాలో ప్రజా గ్రంథాలయం కార్డు ఉంటే ఫోన్‌లోకే ఈ-బుక్ అరువు తెచ్చుకోవచ్చు. అందుకు గ్రంథాలయాలు ప్రచురణకర్తలకు లైసెన్స్ రుసుములు చెల్లిస్తాయి, ఆ రుసుములు భారమయ్యాయని మొత్తుకుంటాయి కూడా. అంటే అక్కడి డిజిటల్ సేవ వెనక కూడా బడ్జెట్ ఉన్న గ్రంథాలయమే ఉంది. తెలుగు ప్రచురణకర్తలతో అలాంటి ఒప్పందం చేసుకునే స్థోమత, అధికారం మన గ్రంథాలయ సంస్థలకు కల్పించకుండా, నాలుగు కంప్యూటర్లు పెట్టి డిజిటల్ లైబ్రరీ అని బోర్డు తగిలిస్తే అది ఇంటర్నెట్ సెంటర్ అవుతుంది. పైగా ఫోన్ అనేది ఇంట్లో ఒక్కటే ఉన్నప్పుడు అది తండ్రి జేబులోనో అన్న చేతిలోనో ఉంటుంది. ఆడపిల్లకు దక్కేది రాత్రి పదింటి తర్వాతే.

ఎవరూ పెద్దగా మాట్లాడని విషయం ఒకటుంది, అది బేగంపేటకు మరీ దగ్గరిది. చూపు లేనివారికి, అక్షరాలు చూసి చదవలేనివారికి ప్రచురిత పుస్తకాన్ని బ్రెయిలీలోకో, శబ్ద రూపంలోకో మార్చి ఇవ్వడానికి రచయిత అనుమతి అక్కర్లేదని మన కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ చెబుతోంది. అదే ఉద్దేశంతో వచ్చిన మరాకేష్ ఒప్పందాన్ని 2014 జూన్‌లో ప్రపంచంలో అందరికంటే ముందు ధ్రువీకరించిన దేశం మనదే. 2016 ఆగస్టులో సుగమ్య పుస్తకాలయ పేరుతో ఆన్‌లైన్ గ్రంథాలయం కూడా మొదలైంది. చట్టం సిద్ధంగా ఉంది, వేదిక సిద్ధంగా ఉంది. కొరవడింది తెలుగు పుస్తకాలను వరుసగా చదివి రికార్డు చేసి అందులో చేర్చే స్థానిక సంస్థ. దేవనార్ లాంటి పాఠశాల ఉన్న పేటలో శాఖా గ్రంథాలయం ఈ పనికి కేంద్రం కావచ్చు. చక్కగా తెలుగు చదవగల రిటైర్డ్ ఉపాధ్యాయులకు ఇక్కడ కొదవ లేదు. ఒక నిశ్శబ్దమైన చిన్న గది, మంచి మైకు, ఎడిటింగ్ తెలిసిన ఒక ఉద్యోగి చాలు. కోట్లు ఖర్చయ్యే పని కాదిది. అందుకే కాబోలు ఎవరి ప్రణాళికలోనూ కనిపించదు.

విదేశాల ఉదాహరణలు చెప్పేటప్పుడు మనకు ఒక బలహీనత ఉంది. అక్కడి అద్దాల భవనాలు చూసి ఇక్కడా ఒకటి కడదామంటాం. హెల్సింకి నగరంలో 2018 డిసెంబర్ 5న ప్రారంభమైన ఊడి గ్రంథాలయం మన అధికార బృందాలు చూసివచ్చి మెచ్చుకునే రకం. పార్లమెంటు ఎదురుగా కట్టిన ఆ భవనానికి 98 మిలియన్ యూరోలయ్యాయి. దేశ స్వాతంత్ర్య శతాబ్దికి గుర్తుగా తలపెట్టిన నిర్మాణమది. కుట్టుమిషన్లు, త్రీడీ ప్రింటర్లు, సంగీతం రికార్డు చేసుకునే గదులు అన్నీ అందులో ఉన్నాయి. కాని ఫిన్లండ్ నుంచి నేర్చుకోవలసింది ఆ భవనం కాదు. గ్రంథాలయంలోకి ప్రవేశం, సొంత సేకరణ నుంచి పుస్తకాల అరువు ఉచితంగా ఉండాలని, ఆ సేవ అందించడం మునిసిపాలిటీల విధి అని వారి చట్టం కచ్చితంగా చెబుతుంది. దాన్ని 2017లో మళ్లీ నవీకరించుకున్నారు. ఊడి ఆ విధి పైన కట్టిన గోపురం.

చట్టం ఒక్కటే చాలదని చెప్పడానికి బ్రిటన్ ఉంది. 1850లోనే పౌర గ్రంథాలయాల చట్టం చేసుకున్న దేశం అది. 1964 చట్టం సమగ్రమైన, సమర్థమైన గ్రంథాలయ సేవను స్థానిక సంస్థల చట్టబద్ధ బాధ్యతగా చేసింది. అయినా 2010 తర్వాత పొదుపు పేరుతో కేంద్రం స్థానిక సంస్థల నిధులకు కోత పెట్టగానే, పదేళ్లలో దాదాపు 800 గ్రంథాలయాలు మూతపడ్డాయి. కొన్నిచోట్ల ఉద్యోగులను తీసేసి స్వచ్ఛంద కార్యకర్తల చేతికి అప్పగించారు. చట్టంలో విధి ఉండి డబ్బుకు కంచె లేకపోతే ఏమవుతుందో అక్కడ చూడవచ్చు. మన దగ్గర దీనికి తలకిందులు. డబ్బుకు ప్రత్యేకమైన పన్ను ఉంది, కాని ఫలానా జనాభాకు ఫలానా సేవ అందించి తీరాలన్న విధి గట్టిగా లేదు. రెండూ కలిస్తే తప్ప బండి కదలదు. సింగపూర్ ఆ రెంటినీ కలిపింది. 1995లో జాతీయ గ్రంథాలయ మండలిని ఏర్పాటు చేసి, షాపింగ్ మాళ్లలో, ఇళ్ల సముదాయాల పక్కన శాఖలు తెరిచింది. 1998లోనే బుకిత్ బాటోక్ శాఖలో పాఠకుడే స్వయంగా పుస్తకం తీసుకుని, తిరిగి ఇచ్చే యంత్రాలు పెట్టింది. జనం ఎక్కడ నడుస్తారో అక్కడే గ్రంథాలయం ఉండాలన్న సూత్రాన్ని ఆ నగరం మొహమాటం లేకుండా పాటించింది. చిలీ రాజధాని శాంటియాగోలో 1996 నుంచి, స్పెయిన్‌లోని మాడ్రిడ్‌లో 2005 నుంచి మెట్రో స్టేషన్లలోనే పుస్తకాలు అరువిచ్చే కౌంటర్లు నడిచాయి. బేగంపేట, రసూల్‌పురా రెండు చోట్లా మెట్రో స్టేషన్లున్నాయి. స్టేషన్లలో దుకాణాలకు చోటు దొరికినప్పుడు సెస్సు కడుతున్న పౌరుడి పుస్తకానికి రెండు అల్మారాల జాగా దొరకదా?

జరిమానాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆలస్య రుసుము భయంతో పేద పిల్లలు గ్రంథాలయానికి దూరమవుతున్నారని గ్రహించి షికాగో 2019లో, న్యూయార్క్ నగర గ్రంథాలయాలు 2021 అక్టోబర్‌లో వాటిని ఎత్తేశాయి. షికాగోలో ఎప్పుడో పోయాయనుకున్న పుస్తకాలు కూడా తిరిగొచ్చాయి. మన శాఖల్లో ఆలస్య రుసుము కంటే డిపాజిట్, చిరునామా రుజువు పెద్ద అడ్డంకులు. ఇల్లు మారుతూ బతికే వలస కూలీ పిల్లకు చిరునామా రుజువు ఎక్కడ దొరుకుతుంది? బడి ప్రధానోపాధ్యాయుడి సంతకం చాలుననే చిన్న నిబంధన తెస్తే ఈ అడ్డంకి తొలగిపోతుంది.

దూరదేశాలదాకా పోనక్కర్లేదు. ఇరుగుపొరుగు రాష్ట్రాలు కొన్ని మనకంటే ముందున్నాయి. కేరళలో 1945లో మొదలై పి.ఎన్. పణిక్కర్ నాయకత్వంలో పెరిగిన గ్రంథశాల సంఘం వేల గ్రామ గ్రంథాలయాలను ఒక తాటిమీదికి తెచ్చింది. 1989 చట్టంతో ఏర్పడిన లైబ్రరీ కౌన్సిల్‌లో కింది నుంచి ఎన్నికలు జరుగుతాయి. పాఠకులకు ఓటు ఉంది. మన నామినేటెడ్ సంస్థలకూ, ఆ ఎన్నికైన కౌన్సిల్‌కూ ఉన్న తేడా జవాబుదారీలో కనిపిస్తుంది. తమిళనాడు 10 శాతం సెస్సు వసూలు చేస్తోంది. 2010లో చెన్నై కొట్టూర్‌పురంలో అన్నా శతజయంతి గ్రంథాలయం, 2023 జూలైలో మదురైలో కలైంజర్ శతజయంతి గ్రంథాలయం కట్టింది. పిల్లలకు ఒక అంతస్తు, చూపులేనివారికి ఒక విభాగం ప్రణాళికలోనే ఉన్నాయి. రాజకీయ నాయకుల పేర్లతో కట్టారు కదా అని విమర్శించేవారున్నారు. ఎవరి పేరైతేనేం, జనం నిండుగా వాడుకుంటున్నారు. కర్ణాటకలో సెస్సు మనకంటే తక్కువ, 6 శాతమే. అయినా 2019లో గ్రామ పంచాయతీ గ్రంథాలయాలను గ్రామీణాభివృద్ధి శాఖకు బదిలీ చేసి, అరివు (విజ్ఞాన) కేంద్రాలుగా తీర్చిదిద్ది, పిల్లలకు ఉచిత సభ్యత్వం ఇచ్చింది. సెస్సు శాతం ఎంత అన్నదానికంటే దాన్ని ఎవరు ఎలా నడుపుతున్నారన్నదే ముఖ్యమని ఈ మూడు రాష్ట్రాలు నిరూపిస్తున్నాయి. మన 8 శాతాన్ని పెంచాలని కొందరు సూచిస్తున్నారు. ఉన్నదే చేరని చోట పెంచడం వృథా.

ప్రైవేటు సంస్థల సామాజిక బాధ్యత నిధులతో గ్రంథాలయాలు కట్టించుకోవచ్చన్నది ఈ మధ్య బలపడుతున్న మరో ఆలోచన. బేగంపేట చుట్టూ ఉన్న కార్పొరేట్ కార్యాలయాలను చూస్తే ఇది ఆకర్షణీయంగానే కనిపిస్తుంది. ఇక్కడ ఆండ్రూ కార్నెగీ షరతు గుర్తుంచుకోవాలి. ఒక్క అమెరికాలోనే 1,689 గ్రంథాలయ భవనాలకు డబ్బిచ్చిన దాత ఆయన. భవనం తాను కట్టిస్తానని, స్థలం ఊరే ఇవ్వాలని, తానిచ్చిన మొత్తంలో పదో వంతు ఏటా నిర్వహణకు ఆ ఊరి పాలకవర్గం కేటాయించాలని ఆయన పట్టుబట్టేవాడు. ఆ హామీ ఇవ్వని ఊళ్లకు సొమ్ము ఇచ్చేవాడు కాదు. మన దగ్గర ప్రారంభోత్సవానికి రిబ్బను, ఫొటో, శిలాఫలకం ఉంటాయి. మర్నాటి నుంచి కరెంటు బిల్లు ఎవరు కట్టాలో, లైబ్రేరియన్ జీతం ఎవరిదో, కొత్త పుస్తకాలు ఏ నిధి నుంచి వస్తాయో రాసుకోరు. దాతలు రావచ్చు, వారిచ్చే భవనం తీసుకోవచ్చు. నిర్వహణ మాత్రం పన్ను సొమ్ముతోనే సాగాలి. లేకపోతే కంపెనీ లాభాలు తగ్గిన ఏడాది గ్రంథాలయం మూతపడుతుంది.

పుస్తకాల కొనుగోలు మరో గడ్డు సమస్య. ఒక తెలుగు పుస్తకం వెయ్యి కాపీలు వేయడానికి ప్రచురణకర్త జంకుతున్న రోజులివి. శాఖా గ్రంథాలయాలన్నీ క్రమం తప్పకుండా కొంటే ఆ ఒక్క ఆధారంతోనే తెలుగులో గంభీరమైన పుస్తకం బతుకుతుంది. కొనుగోళ్లు కొన్నేళ్లు ఆగిపోయి, తర్వాత ఒక్కసారిగా హడావుడిగా జరగడం వల్ల ఆ సందులో ఎవరి పుస్తకాలు దూరతాయో ప్రచురణ రంగంలో ఉన్నవారికి చెప్పనక్కర్లేదు. ఎంపికలో పాఠకుల కోరికల పుస్తకానికి విలువివ్వాలి. బ్రిటన్‌లో 1979 చట్టం ప్రకారం గ్రంథాలయంలో పుస్తకం అరువు వెళ్లినప్పుడల్లా రచయితకు ప్రభుత్వం చిన్న మొత్తం చెల్లిస్తుంది. అంతకుముందే, 1946లో డెన్మార్క్ ఆ దారి చూపింది. మనం అంతదూరం వెళ్లడానికి ముందు, ఏ పుస్తకం ఎన్నిసార్లు ఇంటికి వెళ్లిందో చెప్పగల కంప్యూటర్ రికార్డు ప్రతి శాఖలో ఉండాలి. అది లేనంతవరకు ఎంపిక కమిటీ అభిరుచే పాఠకుల అభిరుచిగా చెలామణీ అవుతుంది.

కాబట్టి చేయవలసిన పనుల్లో మొదటిది ఆర్థికమైనది. ఆస్తి పన్ను ఆన్‌లైన్‌లో చెల్లించిన క్షణంలోనే అందులోని సెస్సు భాగం నేరుగా గ్రంథాలయ సంస్థ ఖాతాలో పడేలా చెల్లింపు వ్యవస్థలోనే ఏర్పాటు చేయాలి. ఇందుకు సాంకేతికంగా అడ్డంకి లేదు. సంకల్పమే కావాలి. పాత బకాయిలకు గడువుతో కూడిన వాయిదాలు నిర్ణయించాలి. 1960 చట్టాన్ని సవరించి, ఇంత జనాభాకు ఒక శాఖ ఉండి తీరాలన్న కనీస ప్రమాణం పెట్టాలి. పాలకమండలిలో పాఠకులు ఎన్నుకున్న సభ్యులు కొందరైనా ఉండాలి. సర్కిల్‌వారీగా ఎంత సెస్సు వసూలైంది, ఎంత జమ అయింది, ఆ సర్కిల్‌లో ఎంత ఖర్చయింది అన్న మూడు అంకెలు ఏటా ప్రకటించాలి. బేగంపేట లాంటి ఖరీదైన ఆస్తులున్న చోట వసూలైన సెస్సంతా ఇక్కడే ఖర్చు పెట్టాలని నేననడం లేదు. ధనిక పేట కట్టిన పన్ను పేద బస్తీ గ్రంథాలయానికి వెళ్లడమే న్యాయం. ఎక్కడికి వెళ్లిందో తెలియాలన్నదే అడుగుతున్నది.

ఈ అంకెలను ప్రభుత్వం తనంతట తాను చెప్పేదాకా ఎదురుచూడనక్కర్లేదు. 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో ఒక దరఖాస్తు జీహెచ్‌ఎంసీకీ, మరొకటి నగర గ్రంథాలయ సంస్థకూ పెట్టవచ్చు. వసూలు చేసినవారు చెప్పే అంకె, అందుకున్నవారు చెప్పే అంకె పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి తెలుస్తుంది. కాలనీ సంక్షేమ సంఘాలు పార్కింగ్, చెత్త, కుక్కల మీద ఇచ్చే వినతిపత్రాల్లో ఈ ఒక్క అంశాన్ని చేర్చినా చాలు. ఏటా నవంబర్ 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో ఉపన్యాసాలు, వ్యాసరచన పోటీలు, బహుమతి ప్రదానాలు ఉంటాయి. ఈసారి నగర గ్రంథాలయ సంస్థ వాటితోపాటు ప్రతి శాఖ నోటీసు బోర్డుమీద ఆ ఏడాది జమాఖర్చులు అతికించాలి. అతికించకపోతే అడగవలసింది ఆ శాఖలో పేపర్ చదవడానికి వెళ్లే మనమే.